పాత బల్బు లాగే ఉంది, హోల్డర్‌లో మాత్రం పడట్లేదు

ప్రశ్న: నా కారుకి ఎడమవైపు ఇండికేటర్ వేస్తే వారం నుంచి టిక్కుటిక్కుమని మామూలు కంటే బాగా వేగంగా కొట్టుకుంటోంది. దిగి చూస్తే ముందు బల్బు వెలగడం లేదు. నేనే విప్పాను. లోపల నారింజ రంగు బల్బు ఉంది. షాపుకి పట్టుకెళ్లి చూపిస్తే అదే సైజులో తెల్ల గాజు బల్బు ఇచ్చారు. వాట్లు అవే, వోల్టులు అవే అన్నారు. తెచ్చి పెట్టబోతే ఒక పక్క పిన్ను దిగుతోంది, రెండో పక్కది అడ్డం పడుతోంది. మళ్లీ వెళ్తే ఒకాయన 'ఆ పిన్నుని ఆకురాయితో కొంచెం అరగదీయండి, పట్టేస్తుంది' అన్నాడు. పక్కనున్నాయన 'ఈ గొడవంతా ఎందుకు, ఎల్‌ఈడీ వేయించుకోండి, ఇక జన్మలో మార్చే పని ఉండదు' అన్నాడు. అరగదీయొచ్చా? ఎల్‌ఈడీ పెట్టించుకోవచ్చా? అసలు నా కారుకి ఏ బల్బు కావాలో ఎలా తెలుస్తుంది? ఒక వైపు మారిస్తే రెండో వైపు కూడా మార్చాలా?
— ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆకురాయి లోపల పెట్టేయండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం. మీరు కొన్న బల్బులో లోపం లేదు, మీ హోల్డర్‌లోనూ లోపం లేదు. ఆ రెండూ ఒకదానిలో ఒకటి పడకూడదనే వాటిని అలా తయారుచేశారు.

పాత బల్బునీ కొత్త బల్బునీ పక్కపక్కన పట్టుకుని అడుగువైపు నుంచి చూడండి. రెండింటి లోహపు అడుగూ 15 మిల్లీమీటర్ల వెడల్పే. రెండింటికీ కింద మధ్యలో ఒకటే కాంటాక్ట్ బొట్టు. చుట్టూ చెరో రెండు పిన్నులు. తేడా అంతా ఆ పిన్నులు ఉన్న చోటులో ఉంది. తెల్ల బల్బుకి అవి సరిగ్గా ఎదురెదురుగా, అంటే 180 డిగ్రీల్లో ఉంటాయి. నారింజ బల్బుకి ఒక పిన్ను కాస్త పక్కకి జరిగి, రెండింటి మధ్య 150 డిగ్రీలే ఉంటుంది. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప కంటికి ఆనదు. తెల్లదాని కోడ్ పీ21డబ్ల్యూ, దాని అడుగు రకం బీఏ15ఎస్. నారింజదాని కోడ్ పీవై21డబ్ల్యూ, అడుగు రకం బీఏయూ15ఎస్. మీ ఉత్తరాన్ని బట్టి మీకు కావలసింది ఈ రెండోదేనని దాదాపు ఖాయంగా చెప్పగలను. 'దాదాపు' అని ఎందుకు అంటున్నానో కొంచెం ఆగి చెబుతాను.

ఇంత చిన్న మెలిక పెట్టడానికి గట్టి కారణమే ఉంది. ఇండికేటర్ వెలుగు బయటికి నారింజ రంగులో రావాలి. చాలాకాలం పాటు కార్లలో లైటు గ్లాసే నారింజ రంగులో ఉండేది, లోపల మామూలు తెల్ల బల్బు వెలిగేది. తర్వాత హెడ్‌లైటు, ఇండికేటర్ అన్నీ ఒకే తెల్ల గ్లాసు వెనక మెరుస్తూ కనిపించాలన్న మోజు వచ్చింది. గ్లాసు తెల్లబడ్డాక రంగు ఇచ్చే బాధ్యత బల్బు మీద పడింది. అలాంటి లైటులో ఎవరైనా తెల్ల బల్బు పెట్టేస్తే ఇండికేటర్ తెల్లగా మెరుస్తుంది. అది జరగకుండా పిన్నుని పక్కకి జరిపేశారు. బల్బు పట్టకపోతే మనిషి ఆగి ఆలోచిస్తాడని వాళ్ల ఉద్దేశం. ఆకురాయి ఇచ్చేవాళ్లు కూడా ఉంటారని లెక్కలోకి తీసుకున్నట్టు లేదు!

ఇక అరగదీస్తే ఏమవుతుంది? పిన్ను పలచబడుతుంది కాబట్టి బల్బు హోల్డర్‌లో గట్టిగా కూర్చోదు, గతుకుల్లో వదులవుతుంది, కాంటాక్ట్ తప్పుతుంది. అది చిన్న నష్టం. పెద్దది ఏమిటంటే, రాత్రిపూట వెలుగుతున్న హెడ్‌లైటు పక్కనే ఇంకో తెల్ల లైటు మిణుకుమిణుకుమంటే ఎదురుగా వచ్చే డ్రైవరుకి అది కనపడదు. కనపడినా గతుకులో హెడ్‌లైటు ఊగినట్టు అనిపిస్తుంది తప్ప మీరు తిరుగుతున్నారని తట్టదు. పగలు ఎండలో పరిస్థితి ఇంకా ఘోరం. రంగు వల్లే ఆ లైటుకి అర్థం ఉంది. కాబట్టి మీ మొదటి ప్రశ్నకి నా జవాబు 'అరగదీయొద్దు', ఒక్క గీత కూడా గీయొద్దు.

ఇప్పుడు మీ కారుకి ఏ బల్బో తెలుసుకోవడం ఎలాగో చూద్దాం. బల్బు ఆకారం చూసి కొనే అలవాటే ఈ తిప్పలన్నింటికీ మూలం. బల్బు మీద రాసున్న కోడ్ చూసి కొనాలి. పాత బల్బు లోహపు అడుగు మీద సన్నటి అక్షరాలుంటాయి. మసి పట్టి ఉంటే గుడ్డతో తుడిచి, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. కోడ్‌తో పాటు 12 వోల్టులు అని ఉంటుంది, ఒక చిన్న సున్నాలో ఇంగ్లిష్ 'ఈ' అక్షరం, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 37వది ఇలాంటి ఫిలమెంట్ (లోపలి సన్నటి తీగ కాలి వెలిగే) బల్బుల కొలతలు, వెలుగు, రంగు నిర్ణయిస్తుంది. ఆ 'ఈ' గుర్తు దాని కింద ఆమోదం పొందిందని చెప్పేది. పక్కనున్న అంకె ఆమోదం ఇచ్చిన దేశాన్ని సూచిస్తుంది.

కోడ్ చదవడం కష్టమేం కాదు. చివర ఉన్న 'డబ్ల్యూ' వాట్లు, దాని ముందున్న అంకె ఎన్ని వాట్లో చెబుతుంది. మధ్యలో 'వై' ఉంటే గాజుకి నారింజ రంగు ఉన్నట్టు. దీన్నే పెట్టెల మీద ఆంబర్ అని రాస్తారు. మొదట్లో 'డబ్ల్యూ' ఉంటే లోహపు అడుగు లేకుండా గాజే పలకలా నొక్కి, నేరుగా గుచ్చే రకం. దీన్ని వెడ్జ్ బల్బు అంటారు. అంటే డబ్ల్యూవై5డబ్ల్యూ అని ఉంటే 5 వాట్ల నారింజ వెడ్జ్ బల్బు. ముందు తలుపు దగ్గరో అద్దం కిందో ఉండే సైడ్ ఇండికేటర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. 21 వాట్ల నారింజ వెడ్జ్ అయితే డబ్ల్యూవై21డబ్ల్యూ. కోడ్ మధ్యలో గీత పెట్టి రెండు అంకెలుంటే, ఉదాహరణకి పీ21/5డబ్ల్యూ అని ఉంటే, ఒకే గాజులో రెండు ఫిలమెంట్లున్నాయని అర్థం. వెనక లైట్లలో 21 వాట్లది బ్రేకుకి, 5 వాట్లది రాత్రి వెలిగే టెయిల్ లైటుకి.

కొన్ని పెట్టెల మీద ఈ కోడ్‌లు ఉండవు, నాలుగంకెల నెంబర్లుంటాయి. అవి అమెరికా పద్ధతి. మీకు కావలసిన పీవై21డబ్ల్యూకి అక్కడి నెంబరు 7507. డబ్ల్యూ21డబ్ల్యూకి 7440, రెండు ఫిలమెంట్ల వెడ్జ్‌కి 7443. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1156 అనే నెంబరు అందరి నోళ్లలో నానిపోయింది. అసలు 1156 అంటే ఎదురెదురు పిన్నుల తెల్ల బల్బే. అమ్మేవాళ్లు దానికి రకరకాల తోకలు తగిలించి పక్క పిన్ను నారింజ బల్బుల్ని కూడా అదే పేరుతో పెడుతుంటారు. పేరులో ఎన్ని అక్షరాలున్నా మీరు చూడాల్సింది బీఏయూ15ఎస్ అనే అడుగు రకం. అది రాసి లేకపోతే ఫోటోలో పిన్నులు ఏ కోణంలో ఉన్నాయో చూడండి.

'దాదాపు' సంగతి ఇది. పాత బల్బు మీద రాసున్నది మీ కారుకి సరైనదే అని గ్యారంటీ లేదు. మీకంటే ముందు ఎవరో దొరికిన బల్బు పెట్టి ఉండొచ్చు. ముఖ్యంగా కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే. అందుకని పాత బల్బు చెప్పినదాన్ని ఇంకో చోట సరిపోల్చుకోవాలి. కారుతో ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ చివరి పేజీల్లో బల్బుల పట్టిక ఉంటుంది. ముందు ఇండికేటర్, వెనక ఇండికేటర్, సైడ్ ఇండికేటర్, బ్రేక్ లైటు, రివర్స్ లైటు, నెంబరు ప్లేటు లైటు, ఒక్కోదానికీ కోడ్ విడివిడిగా ఇస్తారు. పుస్తకం పోయుంటే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్, తయారైన సంవత్సరం పెట్టి వెతికితే చాలా కార్లకి దొరుకుతుంది. లైటు వెనక ప్లాస్టిక్ మీదో హోల్డర్ మీదో కూడా చాలాసార్లు కోడ్ అచ్చు పోసి ఉంటుంది. ఈ మూడింట్లో రెండు కలిస్తే ధైర్యంగా కొనొచ్చు. కలవకపోతే మాన్యువల్ మాటే చెల్లుతుంది. కాకపోతే ఆ పట్టిక మీ వేరియంట్‌దే అని చూసుకోవాలి. ఒకే మోడల్‌లో కింది వేరియంట్‌కి బల్బు, పై వేరియంట్‌కి ఎల్‌ఈడీ ఉండటం, మధ్యలో కంపెనీ ఆ మోడల్ ముందు భాగం రూపు మార్చినప్పుడు లైట్లన్నీ మారిపోవడం మామూలే. కారు పేరు చెప్పి 'దానికి ఇండికేటర్ బల్బు ఇవ్వండి' అని అడిగితే తప్పుది చేతిలో పడేది ఇందుకే.

అన్నట్టు, నారింజ బల్బు ఆరి ఉన్నప్పుడు అన్నిసార్లూ నారింజగానే కనపడాలని లేదు. తెల్ల గ్లాసు వెనక అది గుడ్డులో పచ్చసొనలా కనిపిస్తోందని కొందరికి నచ్చదు. వాళ్ల కోసం పైన వెండి పూత వేసినవి అమ్ముతారు. ఆరినప్పుడు అద్దంలా మెరుస్తాయి, వెలిగితే నారింజ రంగు వస్తుంది. కోడ్ మాత్రం పీవై21డబ్ల్యూనే. కావాలంటే వాడుకోవచ్చు, అదొక అలంకారం.

పిన్ను పట్టకపోవడం వల్ల మీరు బతికిపోయారు. ఇబ్బంది పెట్టేవి, తప్పుదైనా చక్కగా పట్టేసే బల్బులు. సైడ్ ఇండికేటర్ సంగతే తీసుకోండి. 5 వాట్ల వెడ్జ్‌లో తెల్లదానికీ నారింజదానికీ అడుగు ఒకటే. డబ్ల్యూ5డబ్ల్యూ, డబ్ల్యూవై5డబ్ల్యూ రెండూ అదే హోల్డర్‌లో ఒకేలా దిగుతాయి. అడ్డుకునే మెలిక ఏదీ లేదు. గ్లాసు తెల్లదైతే 'వై' ఉన్నదే కొనాలని మీరే గుర్తుపెట్టుకోవాలి. అదే అడుగుతో డబ్ల్యూ16డబ్ల్యూ అని 16 వాట్ల బల్బు కూడా ఉంది. 5 వాట్ల చోట దాన్ని పెడితే మొదటిరోజు 'అబ్బ, ఎంత బాగా వెలుగుతోందో' అనిపిస్తుంది. ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బా మూడింతల వేడిని తట్టుకోలేక మెత్తబడి కరగడం మొదలయ్యాక తెలిసొస్తుంది.

ఎదురెదురు పిన్నుల వాటిలో ఇంకో రకం మోసం ఉంది. పీ21డబ్ల్యూ అడుగే ఆర్5డబ్ల్యూ, ఆర్10డబ్ల్యూ అనే చిన్న బల్బులకీ ఉంది. గాజు గుండు చిన్నదిగా ఉంటుంది, అంతే తేడా. 21 వాట్ల చోట 5 వాట్లది పడితే వెలుగు దాదాపు తొమ్మిదో వంతుకి పడిపోతుంది. కొలతల్లో చెప్పాలంటే పీ21డబ్ల్యూ 460 ల్యూమెన్లు ఇవ్వాలి, ఆర్5డబ్ల్యూ ఇచ్చేది 50. పైగా కరెంటు తక్కువ తీసుకుంటుంది కాబట్టి ఇండికేటర్ వేగంగా కొట్టుకోవడం ఆగదు. కొత్త బల్బు వేసినా జబ్బు తగ్గలేదని మీరు వైరింగ్ అంతా విప్పుతారు. లారీలకి వాడే 24 వోల్టుల బల్బులు కూడా ఇదే అడుగుతో వస్తాయి. 12 వోల్టుల కారులో అవి నీరసంగా ఎర్రగా కునుకుతాయి తప్ప వెలగవు. పెట్టె మీద వోల్టులు చూసుకోమనేది అందుకే.

రెండు ఫిలమెంట్ల బల్బు జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు, మీ హోల్డర్ దానిదైతే తప్ప. పీ21/5డబ్ల్యూకి కింద రెండు కాంటాక్ట్ బొట్లుంటాయి, పిన్నులు ఎదురెదురుగానే ఉన్నా ఒకటి పైన, ఒకటి కింద ఉంటుంది. దాని హోల్డర్‌లో ఒకే బొట్టున్న బల్బుని బలవంతంగా తిప్పి పెడితే రెండు సర్క్యూట్లూ కలిసిపోతాయి. బ్రేకు తొక్కితే టెయిల్ లైట్లు, డాష్‌బోర్డు లైట్లు వెలగడం లాంటి వింతలు కనిపిస్తాయి. వైరింగ్‌లో ఏదో దెయ్యం దూరిందని అనుకునే కేసుల్లో తప్పు బల్బు తేలడం ఆటో ఎలక్ట్రీషియన్లకి కొత్తేం కాదు. అమెరికా మార్కెట్ కోసం చేసిన కార్లలో ముందు ఇండికేటర్, పార్కింగ్ లైటు కలిపి ఇలాంటి ఒకే బల్బు ఉండటం ఎక్కువ.

ఇక ఎల్‌ఈడీ. మీ షాపు ఆయన చెప్పినదాంట్లో నిజం కొంత ఉంది. ఎల్‌ఈడీ కరెంటు తక్కువ తాగుతుంది, టక్కున వెలిగి టక్కున ఆరుతుంది. కానీ మీ కారు లైటు ఫిలమెంట్ బల్బు కోసం తయారైంది. ఆ తేడా రెండు చోట్ల బయటపడుతుంది.

మొదటిది మీరు ఇప్పుడు వింటున్న ఆ వేగపు టిక్కుటిక్కే. అది జబ్బు కాదు, హెచ్చరిక. మామూలుగా ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు మెరవాలి. మామూలు కారులో ఒక పక్క ముందు 21 వాట్లు, వెనక 21 వాట్లు, సైడ్‌లో 5 వాట్లు, మొత్తం 47 వాట్ల లోడు ఉంటుంది. ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే పరికరం, అంటే ఫ్లాషర్, ఆ లోడుని గమనిస్తూ ఉంటుంది. ఒక పెద్ద బల్బు పోతే లోడు 26కి పడిపోతుంది, అది పసిగట్టి వేగం పెంచి, లోపల కూర్చున్న మీకు చెబుతుంది. మీ విషయంలో జరిగింది ఇదే. (సైడ్‌లోని 5 వాట్ల బల్బు పోతే చాలా కార్లు ఇలా చెప్పవు, ఆ తేడా వాటికి లెక్కలోకి రాదు. అందుకే దాన్ని అప్పుడప్పుడు దిగి కళ్లతో చూసుకోవాలి.) ఇప్పుడు 21 వాట్ల బల్బు తీసి రెండు మూడు వాట్ల ఎల్‌ఈడీ పెట్టారనుకోండి. ఫ్లాషర్ దృష్టిలో అక్కడ బల్బు లేనట్టే. ఎల్‌ఈడీ శుభ్రంగా వెలుగుతున్నా ఆ టిక్కుటిక్కు ఆగదు.

దానికి విరుగుడుగా ఎల్‌ఈడీకి పక్కగా ఒక రెసిస్టర్ (కరెంటు తీసుకుని వేడిగా మార్చే ముక్క) వేస్తారు. ఎక్కువగా వాడేది 6 ఓములది. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టుల దగ్గర అది వెలిగిన క్షణాల్లో 30 వాట్లకి పైనే వేడిగా మారుస్తుంది. ఎల్‌ఈడీ వల్ల ఆదా అయిన కరెంటు, దానిమీద ఇంకాస్త, పక్కనే పొయ్యి పెట్టుకుని కాల్చుకున్నట్టు. హజార్డ్ లైట్లు (రెండు వైపుల ఇండికేటర్లూ ఒకేసారి) వేసి కారు చాలాసేపు ఆపితే ఆ రెసిస్టర్ ముట్టుకోలేనంతగా కాలుతుంది. ప్లాస్టిక్‌కో వైర్ల కట్టకో ఆనించి టేపు చుట్టి వదిలేస్తే కరిగే ప్రమాదం ఉంది. బాడీ రేకుకి బిగించాలి. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. రెసిస్టర్ వేశాక లోడు ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది కాబట్టి, రేపు ఆ ఎల్‌ఈడీ పోయినా కారు మీకు చెప్పదు. హెచ్చరిక నోరు మీరే నొక్కేసినట్టు. ఫ్లాషర్ రిలే విడిగా ఉండే పాత కార్లలో లోడుతో పనిలేని ఎలక్ట్రానిక్ రిలే వేయొచ్చు, వేడి బాధ తప్పుతుంది. కానీ అప్పుడూ బల్బు పోయిన సంగతి తెలియదు. కొత్త కార్లలో ఫ్లాషర్ పని బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది, మార్చడానికి అక్కడ విడి రిలే ఉండదు.

రెండోది కంటికి సంబంధించింది. లైటు లోపలి రిఫ్లెక్టర్‌ని ఫిలమెంట్ ఎక్కడ వెలుగుతుందో లెక్కేసి వంచారు. ఎల్‌ఈడీ బల్బులో వెలుగు చుట్టూ అతికించిన చిప్పుల నుంచి, వేరే చోటు నుంచి వస్తుంది. దగ్గర నుంచి చూస్తే కళ్లు చెదిరేలా ఉంటుంది, పక్క కోణం నుంచి వచ్చే బైకు మనిషికి మసగ్గా కనపడొచ్చు. తెల్ల ఎల్‌ఈడీని నారింజ గ్లాసు వెనక పెట్టేవాళ్లూ ఉన్నారు. అలా పెడితే రంగు వెలవెలబోతుంది. ఎల్‌ఈడీ అంటూ పెడితే గ్లాసు ఏ రంగైనా నారింజ ఎల్‌ఈడీయే పెట్టాలి. ఇవన్నీ కాక, ఫిలమెంట్ బల్బుతో ఆమోదం పొందిన లైటులో ఎల్‌ఈడీ వేయడాన్ని చాలా దేశాల్లో నిబంధనలు ఒప్పుకోవు. వార్షిక తనిఖీ ఉన్న చోట అక్కడ దొరికిపోతారు.

'జన్మలో మార్చక్కర్లేదు' అన్న మాట దగ్గరికొస్తే, ఇండికేటర్ బల్బు రోజంతా వెలిగేది కాదు. మలుపులో కాసేపు, అదీ సగం సమయం ఆరుతూ. మంచి ఫిలమెంట్ బల్బు మామూలు వాడకంలో ఏళ్ల తరబడి ఉంటుంది. చవక ఎల్‌ఈడీలో చిప్పు కాకపోయినా, దాన్ని నడిపే చిన్న సర్క్యూట్ ఇరుకైన లైటులోని వేడికి ముందే పోవచ్చు. నా అభిప్రాయం అడిగితే, మీ కారుకి పీవై21డబ్ల్యూ పెట్టి ఊరుకోండి. కంపెనీయే ఎల్‌ఈడీతో ఇచ్చిన లైటు సంగతి వేరు. అక్కడ రిఫ్లెక్టర్, సర్క్యూట్ దానికోసమే చేశారు. అందులో బల్బు మార్చడమనేది సాధారణంగా ఉండదు, పోతే మాడ్యూలో మొత్తం లైటో మార్చాలి.

బిగించే పని మీరు ఒకసారి విప్పారు కాబట్టి కొత్తేం కాదు. ఇంజన్ ఆపి తాళంచెవి తీసేసి, లైటు చల్లారాక మొదలుపెట్టండి. పిన్నుల బల్బుని లోపలికి నొక్కి, నొక్కిపట్టే ఎడమకి పావు వంతు తిప్పితే వస్తుంది. కొత్తది అదే దారిలో వెనక్కి, నొక్కి కుడికి. వెడ్జ్ బల్బుని తిప్పకూడదు, నేరుగా లాగాలి. చేత్తో గాజు ముట్టుకోకూడదన్న మాట హెడ్‌లైటు హాలోజన్ బల్బులకి చెప్పింది. దీనికి అంత టెన్షన్ అక్కర్లేదు, గుడ్డతో పట్టుకుంటే చాలు, నారింజ పూత గీసుకుపోకుండా చూడండి. లైటు అంతా మూసేయకముందే ఒకసారి ఇండికేటర్ వేసి, ముందుకెళ్లి నిలబడి రంగు చూసుకోండి.

రెండో వైపు మార్చాలా అన్నారు. తప్పనిసరి కాదు. ఒక పని చేయండి. కొత్తది పెట్టాక హజార్డ్ లైట్లు వేసి కొంచెం దూరం నుంచి రెండు వైపులా పోల్చి చూడండి. నారింజ బల్బుల పూత ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది, ఒక్కోసారి పెచ్చులుగా రాలుతుంది. పాత వైపు లేత పసుపుగానో తెల్లగానో కనిపిస్తే, వెలుగుతున్నా సరే మార్చేయాలి. రంగు కలిసిందంటే దాన్ని కదపక్కర్లేదు, కాకపోతే రెండూ ఒకే వయసువి కాబట్టి ఒక బల్బు అదనంగా కొని కారులో ఉంచుకోండి. మీరు కొన్న తెల్ల పీ21డబ్ల్యూని కూడా పారేయకండి. బ్రేకుకో రివర్స్ లైటుకో చాలా కార్లలో అదే వాడతారు. మాన్యువల్ పట్టికలో ఉంటే అక్కడ పనికొస్తుంది, లేకపోతే వెనక్కి ఇచ్చేయండి.

సరైన బల్బు పెట్టాక కూడా వేగం తగ్గకపోతే వెంటనే ఇంకో బల్బు కొనొద్దు. ముందు అదే వైపు వెనక బల్బు వెలుగుతోందో లేదో చూడండి. తర్వాత హోల్డర్ లోపలికి చూడండి. పచ్చటి చిలుము పట్టి ఉన్నా, కాంటాక్ట్ ముక్క లోపలికి అణిగిపోయి ఉన్నా బల్బుకి పూర్తి కరెంటు అందదు. చిలుముని సన్నటి గరుకు కాగితంతో తుడవండి, అణిగిన ముక్కని కరెంటు లేనప్పుడు మెల్లగా పైకి లేపండి. పార్కింగ్ లైట్లు వేసి ఇండికేటర్ వేసినప్పుడు ఆ రెండూ ఒకదాన్నొకటి మసకబారుస్తుంటే ఎర్త్ వైరు (లైటు నుంచి కరెంటు కారు బాడీకి తిరిగి వెళ్లే దారి) సరిగ్గా లేనట్టు. అది బాడీకి బిగించిన చోట బోల్టు విప్పి, తుప్పు గీకి మళ్లీ బిగించాలి. రెండు వైపులా ఒకేసారి పనిచేయకపోతే మాత్రం బల్బులని అనుమానించక్కర్లేదు, ఫ్యూజు దగ్గర మొదలుపెట్టి ఫ్లాషర్, స్విచ్ వరకు చూడాలి. అక్కడికి వచ్చేసరికి టెస్ట్ ల్యాంపు ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ చేతికి ఇవ్వడం మంచిది. ఏ కోడ్ బల్బు పెట్టారో, ఎర్త్ చూశారో లేదో ఆయనకి చెబితే మీ పని సగం సమయంలో అవుతుంది.